ఆరదు, మసకబారుతుంది
(ఎల్.ఇ.డి. దీపం పుట్టుపూర్వోత్తరాలు)



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు ఏమి రాయాలా అని ఆలోచించాను. పింఛను సవరణల గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతిని ఆధారం చేసుకొని వేరొక విషయం ఎంచుకున్నాను.

నాకు శుక్లం ఆపరేషన్ జరిగి కొన్నేళ్లయింది. ఆపరేషన్ తరువాత చూపు బాగానే ఉండేది. ఈ మధ్య మాత్రం రాత్రిపూట పత్రిక చదవబోతే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. కన్ను మళ్ళీ పోతోందని బెంగ పట్టుకుంది. డాక్టరు గారు పరీక్షించి, కన్ను నిక్షేపంగా ఉందన్నారు. నాకు నమ్మకం కలగలేదు. చివరకు సెలవులకు వచ్చిన మనవడు నా కుర్చీ మీదుగా పైకి చూసి, "తాతయ్యా, తేడా నీ కంట్లో లేదు, ఆ బల్బులో ఉంది" అన్నాడు. బజారుకు వెళ్లి అదే వాట్ల కొత్త బల్బు తెచ్చి పెట్టాడు. పత్రిక తెల్లవారినట్టయింది! ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా ఆరలేదు కదా అని నేను మెచ్చుకుంటూ వచ్చిన ఎల్.ఇ.డి. బల్బు, నాకు తెలియకుండానే సగానికి సగం వెలుగు పోగొట్టుకుంది.

పాత ఫిలమెంటు బల్బు నిజాయితీగల మనిషి. ఉన్నన్నాళ్లు వెలిగి, ఒకనాడు ఠపీమని పోయేది. ట్యూబులైటు కూడా పోయేముందు మిణుకుమిణుకుమని, చివర్లు నల్లబడి హెచ్చరించేది. ఎల్.ఇ.డి. అలా కాదు, చెప్పాపెట్టకుండా క్షీణిస్తుంది. ఎందుకిలా జరుగుతుందని పుస్తకాలు తిరగేస్తే, ఈ దీపం చరిత్ర సగం దాని వెలుగు కథ, మిగతా సగం ఆ వెలుగు మసకబారకుండా ఆపడానికి శాస్త్రజ్ఞులు చేసిన పోరాటం అని తెలిసింది. టెలిఫోన్ల శాఖలో పనిచేసిన మనకు అందులో దగ్గరి సంబంధం కూడా ఉంది. ఆ సంగతి ముందు వస్తుంది.

తొలి మెరుపు

1907లో హెన్రీ జోసెఫ్ రౌండ్ అనే ఇంజనీరు మార్కోనీ కంపెనీలో పనిచేస్తూ రేడియో తరంగాలను పట్టే స్ఫటికాలను పరీక్షిస్తున్నాడు. ఆకురాళ్లలో వాడే కార్బోరండం, అనగా సిలికాన్ కార్బైడ్, ముక్కకు 10 వోల్టుల విద్యుత్తు ఇస్తే పసుపు వెలుగు కనిపించింది. కొన్ని ముక్కలు ఎక్కువ వోల్టేజి వద్ద ఆకుపచ్చగా, నారింజ రంగులో, నీలంగా కూడా వెలిగాయి. ఆ విషయాన్ని ఒక పత్రికకు చిన్న ఉత్తరంగా రాసి ఊరుకున్నాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1920ల్లో రష్యాలో ఓలెగ్ లోసెవ్ అనే యువకుడు ఈ వెలుగును మళ్ళీ చూశాడు. అతనికి పెద్ద డిగ్రీలు లేవు. రేడియో ప్రయోగశాలలో చిన్న ఉద్యోగం. అయినా చూసినదాన్ని వదల్లేదు. ఇది వేడివల్ల పుట్టే వెలుగా, కాదా అని తేల్చుకోవడానికి వెలుగుతున్న చోట ఒక బెంజీన్ చుక్క వేసి చూశాడు. అది త్వరగా ఆవిరి కాలేదు. అంటే ఇది చల్లని వెలుగన్నమాట. దీన్ని అతి వేగంగా వెలిగించి ఆర్పవచ్చనీ, దీనితో వార్తలు పంపవచ్చనీ అతడు ఊహించాడు. 1942 జనవరిలో, జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ నగరాన్ని ముట్టడించిన రోజుల్లో, 38 ఏళ్ల వయసులో లోసెవ్ ఆకలితో చనిపోయాడు. దీపాన్ని ముందుగా అర్థం చేసుకున్న మనిషి దాని వాడకాన్ని చూడలేకపోయాడు.

ఈ వెలుగు ఎలా వస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. సెమీకండక్టర్ అంటే రాగిలా విద్యుత్తును ధారాళంగా పోనివ్వనిది, గాజులా పూర్తిగా ఆపనిది. అటువంటి స్ఫటికంలో ఒక వైపు ఎలక్ట్రాన్లు అదనంగా ఉండేటట్టు, రెండో వైపు ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు ఉండేటట్టు కొద్దిపాటి మలినాలు కలుపుతారు. విద్యుత్తు ఇస్తే రెండూ సరిహద్దు వద్ద కలుసుకుంటాయి. ఎలక్ట్రాన్ ఖాళీలో పడినప్పుడు విడుదలయ్యే శక్తి వెలుగుగా వస్తుంది. ఏ రంగు వస్తుందనేది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. అందువల్లనే ఈ చరిత్ర అంతా పదార్థాల వేటగా సాగింది.

ఎర్ర దీపం

1961లో అమెరికాలో బియర్డ్, పిట్‌మన్ అనే ఇద్దరు గాలియం ఆర్సెనైడ్ నుండి కంటికి కనబడని పరారుణ కాంతిని రాబట్టారు. మరుసటి ఏడు, 1962 అక్టోబరులో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ ఆ పదార్థానికి ఫాస్ఫరస్ కలిపి ఎర్రని వెలుగు తెచ్చాడు. ఈయన బొగ్గు గని కార్మికుని కుమారుడు. ట్రాన్సిస్టర్ కనిపెట్టినవారిలో ఒకరైన బార్డీన్ వద్ద చదువుకున్నాడు. ఇటువంటి దీపాలే ముందుముందు ఇళ్లలోని బల్బుల స్థానం ఆక్రమిస్తాయని ఆయన 1963లోనే ఒక పత్రికకు చెప్పాడు. ఆనాటి ఎర్ర దీపం ఒక వాటుకు ఇచ్చిన వెలుగు 0.1 ల్యూమెన్ మాత్రమే. మామూలు ఫిలమెంటు బల్బు అంతకు నూరు రెట్లకు పైగా ఇచ్చేది. ఆయన మాట విన్నవారు నవ్వుకొని ఉంటారు.

1968లో మోన్శాంటో కంపెనీ ఎర్ర దీపాలను పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ వారి జేబు కాలిక్యులేటర్ ఎర్రటి అంకెలతో వచ్చింది. అదే ఏడు మోన్శాంటోలో హోలోన్యాక్ శిష్యుడు జార్జ్ క్రాఫర్డ్ పసుపు దీపం చేశాడు. స్విచ్‌రూముల్లో పనిచేసిన మిత్రులకు ఈ మార్పు గుర్తుండే ఉంటుంది. స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలో ర్యాకుల మీద ఉండేవి చిన్న ఫిలమెంటు దీపాలు. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలలో కార్డుల అంచున బియ్యపు గింజంత ఎర్ర చుక్కలు వెలిగేవి. అవి ఉన్నవో లేవో తెలిస్తే చాలు, ఎంత వెలుగుతున్నాయని ఎవరు కొలిచారు? వాటి వెలుగు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చినా మనకు పట్టలేదు.

చెరువు గట్టుకు బొరియ

వెలుగు తగ్గడం అసలు సమస్యగా ముందుకు వచ్చింది మన రంగంలోనే. గాజు తీగెల ద్వారా, అనగా ఆప్టికల్ ఫైబర్ ద్వారా, మాటలు పంపాలంటే ఎల్.ఇ.డి.కి తోబుట్టువైన సెమీకండక్టర్ లేజర్ కావాలి. 1970లో లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందం, కొద్ది వారాల తేడాతో అమెరికా బెల్ ప్రయోగశాలల్లో హయాషీ, పానిష్ అనేవారు, గది వేడిమిలో ఎడతెరిపి లేకుండా పనిచేసే లేజర్లు చేశారు. ప్రపంచం సంతోషించింది. కాని ఆ తొలి లేజర్లలో చాలావాటి ఆయుష్షు నిమిషాల్లోనే ఉండేది, మహా అయితే కొన్ని గంటలు! అటువంటి వస్తువును భూమిలో పాతి కేబుల్ వేయగలమా?

1973లో బెల్ ప్రయోగశాలల వారు చనిపోతున్న లేజర్లను పరీక్షించారు. వెలుగుతున్న ప్రాంతంలో నల్లని గీతలు కనిపించాయి. వేడి దీపంలో ఈగ వాలినట్టు కాదు, గీతలు రోజురోజుకు సాగుతున్నాయి. పెట్రాఫ్, హార్ట్‌మన్ అనేవారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి కారణం చెప్పారు. స్ఫటికంలో పరమాణువులు సైనికుల్లా వరుసగా నిలబడి ఉండాలి. ఎక్కడో ఒక వరుస తెగితే ఆ చోటు ఒక లోపం. ఎలక్ట్రాన్, ఖాళీ ఆ లోపం వద్ద కలిస్తే వెలుగు రాదు, శక్తి వేడిగా, కుదుపుగా మారుతుంది. ఆ కుదుపు పక్కనున్న పరమాణువులను కదిలించి లోపాన్ని ఇంకా పెంచుతుంది. పెరిగిన లోపం మరిన్ని ఎలక్ట్రాన్లను మింగుతుంది.

మన పల్లెల్లో చెరువు గట్టుకు ఎండ్రకాయ బొరియ పడితే ఏమవుతుందో పెద్దలకు తెలుసు. ఆ బొరియ గుండా కారే నీరే బొరియను పెద్దది చేస్తుంది. గట్టును తెంపేది బయటినుంచి వచ్చినది కాదు, లోపల నిలవ ఉన్న నీరే. ఎల్.ఇ.డి. మసకబారడానికి మూలసూత్రం ఇంతే. దాన్ని వెలిగించే విద్యుత్తే దాన్ని క్షీణింపజేస్తుంది. వేడి ఎక్కువైనా, విద్యుత్తు ఎక్కువ పంపినా బొరియ త్వరగా పెరుగుతుంది.

కారణం తెలిశాక మందు దొరికింది. లోపాలు తక్కువగా ఉన్న పునాది స్ఫటికాలను ఎంచుకున్నారు. పొరలు పెంచేటప్పుడు ఆక్సిజన్ చొరబడకుండా చూశారు. స్ఫటికం మీద ఒత్తిడి పడకుండా అతికించారు. 1970ల చివరికి నిమిషాల ఆయుష్షు లక్షల గంటల అంచనాకు చేరింది. దూరాల కేబుళ్లకు వాడిన ఇండియం కలిసిన పదార్థంలో ఈ నల్లగీతలు సహజంగానే తక్కువ. 1988లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి ఫైబర్ కేబుల్ పడింది. 25 ఏళ్లు ఎవరి చేయీ తగలకుండా నీటి కింద పనిచేసే లేజర్లు దానికి కావలసివచ్చాయి. మనం ఎస్.టి.డి.లో పిల్లలతో మాట్లాడిన మాటల వెనుక ఆ నల్లగీతల మీద సాధించిన గెలుపు ఉంది.

అయితే ప్రతి పదార్థానికీ తనదైన జబ్బు ఉంది. 1980ల్లో వచ్చిన ఎక్కువ వెలుగునిచ్చే ఎర్ర దీపాల్లో అల్యూమినియం పాలు ఎక్కువ. తేమ తగిలితే అది పాడయ్యేది. ఫాస్ఫరస్, ఇండియం కలిపిన మరో మిశ్రమం 1990 ప్రాంతంలో వచ్చి ఆ చోటు తీసుకుంది. ఆ తరువాతే ఎర్ర దీపాలు ట్రాఫిక్ సిగ్నళ్లకు, కార్ల వెనుక దీపాలకు ఎక్కాయి.

నీలం కోసం ముప్పై ఏళ్లు

ఎరుపు, ఆకుపచ్చ ఉన్నా నీలం లేనిదే తెల్లని వెలుగు లేదు. నీలానికి గాలియం నైట్రైడ్ తగినదని 1960ల నుండీ తెలుసు. 1971లో అమెరికాలోని ఆర్.సి.ఎ. కంపెనీలో పాన్‌కోవ్ బృందం దానితో మసక నీలపు వెలుగు తెచ్చింది. కాని మంచి స్ఫటికం పెరగదు. దానికి సరిపోయే పునాది స్ఫటికం లేదు. ఖాళీలు ఎక్కువగా ఉండే రెండో వైపు తయారవదు. చాలామంది విసిగి వదిలేశారు.

జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో మాత్రం వదల్లేదు. 1986లో నీలమణి పునాది మీద ముందుగా అల్యూమినియం నైట్రైడ్ పలుచని పొర పరిచి, దానిమీద మంచి స్ఫటికం పెంచారు. 1989లో మెగ్నీషియం కలిపిన స్ఫటికంపై ఎలక్ట్రాన్ల జల్లు కురిపించి ఆ రెండో వైపును సాధించారు.

మూడోవాడు షూజీ నకమురా. షికోకు ద్వీపంలోని నిచియా అనే కంపెనీలో ఉద్యోగి. కంపెనీ స్థాపకుడు ఒగావా ఇచ్చిన పెట్టుబడితో పరికరాన్ని తన చేతులతో విప్పి, మార్చి, బిగించి పనిచేశాడు. స్ఫటికంలో ఇరుక్కున్న హైడ్రోజనే మెగ్నీషియాన్ని పనిచేయనివ్వడం లేదనీ, నైట్రోజన్ వాయువులో బాగా వేడిచేస్తే అది పోతుందనీ 1992లో చూపించాడు. 1993 నవంబరులో ప్రకాశవంతమైన నీలి దీపాన్ని కంపెనీ ప్రకటించింది.

ఉద్యోగం చేసినవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఈ పేటెంటుకు కంపెనీ నకమురాకు ఇచ్చిన బహుమానం 20 వేల యెన్లు. కంపెనీ వదిలాక ఆయన దావా వేశాడు. 2004లో టోక్యో కోర్టు 20 వందల కోట్ల యెన్లు ఇమ్మన్నది. అప్పీలులో 2005లో సుమారు 84 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. 2014లో ముగ్గురికీ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అకసాకి 2021లో కన్నుమూశారు.

ఈ నీలి దీపంలో ఒక వింత ఉంది. స్ఫటికంలో చదరపు సెంటీమీటరుకు రెండు వేల కోట్లకు పైగా తెగిన వరుసలు ఉన్నట్టు 1995లో లెక్కించారు. అన్ని లోపాలుంటే పాత ఎర్ర దీపం సరిగా వెలగదు. గాలియం నైట్రైడ్ మాత్రం అన్ని లోపాలతోనూ వెలుగుతుంది. ఆ పదార్థంలో బంధాలు గట్టివి కనుక బొరియ సులభంగా పెరగదు. అయితే పెరగనే పెరగదని కాదు.

తెల్ల దీపం ఎందుకు పసుపుబారుతుంది?

1996లో నిచియా వారు నీలి దీపంపై పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పొడి పూసి తెల్లని వెలుగు తెచ్చారు. నేడు మన ఇళ్లలోని బల్బు ఇదే. దీనితో క్షీణతకు కొత్త దారులు తెరుచుకున్నాయి. తొలి తెల్ల దీపాలను ఎపాక్సీ రెసిన్‌లో పోతపోసేవారు. నీలి వెలుగుకు, వేడికి అది పాత కాగితంలా పసుపుబారి వెలుగును తానే మింగేసేది. అందువల్ల కొన్నివేల గంటలకే వెలుగు సగమయ్యేది. తరువాత ఎపాక్సీ బదులు సిలికోన్ వచ్చింది. వెలుగును పైకి తిప్పే వెండి పూత గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, ఇంట్లో వెండి సామాను నల్లబడినట్టే. ఫాస్ఫర్ పొడి కూడా వేడికి బలహీనపడుతుంది.

వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు వేడి. ఎల్.ఇ.డి. వెలుగులో వేడి ఉండదు గాని, దీపం లోపల ఉంటుంది. బల్బు మెడ వద్ద చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ వేడి బయటికి పోకపోతే ఆయుష్షు తరుగుతుంది. చాలా బల్బులు పూర్తిగా ఆరిపోవడానికి కారణం స్ఫటికం కాదు, అడుగున ఉండే డ్రైవరు సర్క్యూటు. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుకు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది.

డబ్బా మీద రాసిన గంటలు

బల్బు డబ్బా మీద 25 వేల గంటలని చూస్తాము. రోజుకు ఆరు గంటల చొప్పున అది 11 ఏళ్లకు పైమాటే. దీని అర్థం అన్నాళ్లు కొత్తదానిలా వెలుగుతుందని కాదు. సాధారణంగా, అన్ని గంటల తరువాత వెలుగు మొదటిదానిలో 70 శాతానికి దిగుతుందని అర్థం. నెమ్మదిగా జరిగితే 30 శాతం తగ్గుదలను మనిషి కన్ను గుర్తించదు కనుక ఆ గీత గీశారు.

ఆ గంటలు కూడా పూర్తిగా వెలిగించి చూసినవి కావు. 2008లో అమెరికా ఇంజనీర్లు ఒక పరీక్షా విధానం పెట్టారు. దాని ప్రకారం కనీసం 6 వేల గంటలు, అనగా ఎనిమిది నెలలకు పైగా, దీపాలను వెలిగించి కొలుస్తారు. 2011లో వచ్చిన మరో విధానం ప్రకారం ఆ కొలతలనుబట్టి మిగతాది లెక్కగడతారు. పరీక్షించిన కాలానికి ఆరు రెట్లకు మించి చెప్పకూడదని నియమం. అదీ దీపం చిప్పుకే గాని, మూసిన గాజు డోములో ఉడుకుతున్న బల్బుకు కాదు.

మన ప్రాంతం ఈ దీపాలను ముందుగా అందుకున్నవాటిలో ఒకటి. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో ఇంటికి రెండు బల్బులు, ఒక్కొక్కటి 10 రూపాయలకు ఇచ్చారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖ నగరమంతా 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్.ఇ.డి.లుగా మారాయి. 2015 జనవరిలో ఉజాలా పథకం దేశమంతటా మొదలై 36 కోట్లకు పైగా బల్బులు పంచింది. ప్రభుత్వ సంస్థ కొన్న ధర 310 రూపాయల నుండి కొన్నేళ్లలోనే 38 రూపాయలకు దిగింది. ఆనాడు తీసుకున్న బల్బులు ఇంకా కొందరి ఇళ్లలో వెలుగుతూనే ఉండవచ్చు. నా మనవి వాటి గురించే.

20 ఏళ్ల కంటి లోపలి తెరకు చేరే వెలుగులో, శుక్లం ఆపరేషన్ జరగని 60 ఏళ్ల కంటికి సుమారు మూడో వంతే చేరుతుంది. దానికి తోడు దీపం కూడా తగ్గితే, మెట్ల మీద, స్నానాల గదిలో కాలు జారేది మనమే. అందుచేత పెద్దలకు ఈ నాలుగు మాటలు:

కొత్త బల్బు పెట్టిన రోజు తేదీని దాని మెడమీద పెన్నుతో రాసి పెట్టండి. ఐదారేళ్లు దాటినదాని పక్కన అదే వాట్ల కొత్తది వెలిగించి పోల్చండి, కంటి అంచనాను నమ్మవద్దు. గాలి ఆడని గాజు గిన్నెలో బిగించవద్దు. మెట్లు, స్నానాల గది, మంచం నుండి తలుపు వరకు ఉన్న దారి, ఈ మూడు చోట్లా ముందు మార్చండి. అక్కడ తీసిన బల్బును పారేయనక్కరలేదు, పెరట్లోనో సామాను గదిలోనో ఇంకా చాలాకాలం పనికివస్తుంది.

నిక్ హోలోన్యాక్ 2022 సెప్టెంబరులో 93 ఏళ్ల వయసులో మరణించారు. 1963లో తాను చెప్పిన మాట నిజం కావడాన్ని కళ్లారా చూసి వెళ్లారు. లోసెవ్‌కు ఆ భాగ్యం దక్కలేదు. ఈసారి రాత్రి పత్రిక చదువుతూ అక్షరాలు మసకగా అనిపిస్తే, మిత్రులారా, కళ్లద్దాలు తుడిచే ముందు ఒకసారి పైకి చూడండి.

శెలవు.